లోయకి ఒక్కటే సీటు

తవరోకి శిబిరం, బోగన్‌విల్ దీవి తీరం
12 అక్టోబరు 1997

అక్కా,

ఈ ఉత్తరం సిస్టర్ ఫిదెలిస్ చేతికిస్తున్నాను. కాల్పులు ఆగాయని రేడియోలో చెప్పిన రోజు నుంచీ ఆవిడ వెంట పడ్డాను, కొండ మీదికి ఎప్పుడు వెళ్తారు, ఎప్పుడు వెళ్తారు అని. చివరికి ఆవిడే విసిగిపోయి, "రాసివ్వవే తల్లీ, నా ప్రాణం తియ్యకు!" అంది. ఎనిమిదేళ్ళలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను.

ముందు నా బియాటా సంగతి చెప్పు. మిగతావన్నీ తర్వాత. కడుపులో రెండోవాడు అడ్డం తిరిగితే నన్ను తీరం ఆసుపత్రికి మోసుకొచ్చారే, ఆ పొద్దున దాన్ని నీ ఒళ్ళో కూర్చోబెట్టి "వారం రోజులే అక్కా" అన్నాను. దానికప్పుడు మూడేళ్ళు. ఆ వారంలోనే యుద్ధం మన లోయలోకి దిగింది. కొండమీద మీరు పోరాటదళం పక్క, ఇక్కడ శిబిరంలో మేము సర్కారు సైన్యం పక్క అయిపోయాం. మనల్నెవరూ ఏ పక్కో అడగలేదు. మధ్యలో కోవిరో నది. పూట నడక దారి, ఎనిమిదేళ్ళు పట్టింది.

ఎంత పొడుగైంది? నా పేరు చెబితే ఎవరో తెలుస్తుందా దానికి? దారి తెరవగానే పంపించు అక్కా. నేను రేవు దగ్గరికి వచ్చి నిలబడతాను.

ఇంకో మాట. జనవరిలో న్యూజీలాండులో శాంతి చర్చలట. లోయకి ఒక్కటే సీటు. రెండు ఒడ్డులూ ఒప్పుకుని ఒక్క పేరు ఇవ్వాలట. మా ఒత్మార్ వెళ్తాడు. ఇక్కడ అందరూ అదే అనుకుంటున్నారు. ఆయన అక్కడ కూర్చుంటే మొదట అడిగేది కోవిరో దారి గురించే. సిల్వేరియస్ బావకి నచ్చజెప్పు, ఒప్పుకోమను.

వెదురు గొట్టంలో ఉప్పు పంపుతున్నాను. మీకు ఉప్పు లేదని సిస్టర్ చెప్పింది.

నీ చెల్లెలు
టెక్లా

*

దొరోనై, కొండమీద
3 నవంబరు

చెల్లీ టెక్లా,

ఉత్తరం అందింది, ఉప్పూ అందింది. చిటికెడు నాలుక మీద వేసుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అది ఉప్పు కోసమే అనుకో. ఆకుల బూడిద చల్లుకుని దుంపలు తిన్నవాళ్ళం మేము, ఆ రుచే మరిచిపోయాం.

ఈ కాగితం వెనక్కి తిప్పి చదవకు. గని ఆఫీసు పాత ఫారాలు. ఆ గని కోసమే ఇంత యుద్ధం జరిగింది, మాకు చివరికి దక్కింది ఈ కాగితాలే.

బిడ్డ బాగుంది. నా భుజం దాకా వచ్చింది. చెట్టెక్కితే దిగదు, దిగితే మాట వినదు. అచ్చం నువ్వే. పంపించమన్నావు. దారి ఇంకా తెరవలేదు టెక్లా. దళం వాళ్ళు కాపలా ఉన్నారు, ఎవర్నీ దిగనివ్వడం లేదు. తొందరపడకు. ఇన్నాళ్ళు ఆగావు, ఇంకొన్నాళ్ళు ఆగు.

ఇక సీటు సంగతి. ఒత్మార్ వెళ్తాడా? ఏ ఒత్మార్? మీ పెళ్ళికి పందిని మోసుకొస్తూ వాగులో పడ్డాడే, ఆ ఒత్మారేనా? పంది ఈదుకుంటూ ముందొచ్చింది, పెళ్ళికొడుకు తడిసి ముద్దయి తర్వాతొచ్చాడు. ఆ మనిషా ఈ లోయ తరఫున మాట్లాడేది! మా ఆయన ఎనిమిదేళ్ళు అడవిలో తడిశాడు. ఒంట్లో ఇంకా ఇనుప ముక్క ఉంది. నీ మాట చెబితే ఏమన్నాడో తెలుసా? "సైన్యం పెట్టిన బియ్యం తింటూ కూర్చున్నవాడు నా తరఫున మాట్లాడతాడా? వాడు విమానం ఎక్కితే నేను రేవు మూసేస్తాను, అంతే" అన్నాడు. అన్నంత పనీ చేస్తాడు, నీకు తెలుసు.

మీ ఆయన్నే ఆగమను.

నీ అక్క
అగాతా

*

తవరోకి
24 నవంబరు

అక్కా,

నా మొగుడు పంది కంటే వెనకొచ్చాడన్నావు. వచ్చాడు, కాదనను. మరి నీ మొగుడో? పెళ్ళిపీట దగ్గర ప్రమాణం చెయ్యమంటే గొంతు పెగల్లేదు. ఫాదర్ మూడుసార్లు అందిస్తే నాలుగోసారి "ఊఁ" అన్నాడు. ఆ నోటితోనా దేశాలవాళ్ళ ముందు మాట్లాడేది? ఒత్మార్ లేకపోతే ఈ శిబిరంలో సగంమంది పోయేవాళ్ళు. సైన్యం ముందు నిలబడి మందులు అడిగి తెచ్చాడు. బియ్యం తిన్నాడట! ఆకలేస్తే నువ్వూ తింటావు.

ఇవన్నీ రాయకూడదనుకున్నాను. రాసేశాను. ఉండనీ.

ఇక్కడ సంగతులు బాగాలేవు అక్కా. ఒత్మార్ తన పేరుకి వేలిముద్రలు వేయిస్తూ తిరుగుతున్నాడు. అవతల బావ కూడా అదే పని అట. ఒక ముసలాయన ఇద్దరికీ వేశాడని తెలిసి రెండు ఒడ్డులవాళ్ళూ ఆయన్ని తిట్టారు. పోయిన శనివారం బావ మనుషులు రేవులో పెద్ద మాను అడ్డం పడేశారు. మావాళ్ళు ఇవతలి ఒడ్డున ఇంకోటి పడేశారు. ఎవడో గాల్లోకి తుపాకీ పేల్చాడు. పసుపు చొక్కాలు వేసుకుని సంధి చూడటానికొచ్చిన విదేశీయులు ఉన్నారే, వాళ్ళ దగ్గర కర్ర ముక్క కూడా లేదు. వాళ్ళు వచ్చి రెండు మానులూ చూసి, "క్రిస్మస్‌లోపు ఒక్క పేరు ఇవ్వండి, లేకపోతే మీ లోయ లేకుండానే విమానం వెళ్తుంది" అని చెప్పి పోయారు. అప్పుడిక మన రేవు గురించి అడిగేవాడే ఉండడు. నా పిల్ల అక్కడే, నేను ఇక్కడే.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ శిబిరం వైద్యశాలలో కట్లు కట్టేది, మందులిచ్చేది నేనే. మొన్న కాలికి గాయమై ఒకామె వచ్చింది. ఏ ఊరమ్మా అంటే దొరోనై అంది! "ఎలా దిగావు? దారి మూసి ఉందిగా?" అన్నాను. ఆమె నవ్వింది. "మూసిందెవరు? సంధి అయిన రోజు నుంచీ ఆడవాళ్ళం దిగుతూనే ఉన్నాం. రేవు దగ్గర దుంపలు అమ్ముకుంటున్నాం. మానులు పడ్డాక కూడా వాటి మీదెక్కి దాటుతున్నాం. మమ్మల్ని ఎవరాపుతారు?" అంది. వైద్యశాల వదిలి కదలని నాకు ఇదేమీ తెలియలేదు.

దారి తెరవలేదని నువ్వు రాసిన కాగితం నా దగ్గరే ఉంది అక్కా. ఇరవైసార్లు చదివాను. ఎందుకు రాశావు?

టెక్లా

*

దొరోనై
2 డిసెంబరు

టెక్లా,

అబద్ధమే రాశాను. దారి తెరిచే ఉంది.

రెండుసార్లు దాన్ని తయారుచేశాను. తల దువ్వాను, గౌను ఉతికాను. మొదటిసారి గుమ్మం దాకా వచ్చాం. రెండోసారి తోట మలుపు దాకా వెళ్ళాం. "అమ్మా, ఎక్కడికి?" అంది. "దుంపలు తవ్వడానికి" అన్నాను. తవ్వుకుని ఇంటికొచ్చాం.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. నా కొడుకు పీటర్ యుద్ధం మూడో ఏట పోయాడు. మలేరియా. తీరంలో దొరికే బిళ్ళ ఒక్కటి ఉంటే బతికేవాడు. సముద్రం చుట్టూ కాపలా, బిళ్ళ ఎక్కడిది? వాడు పోయిన రోజు బియాటా నా పక్కన పడుకుని "నేనున్నాగా అమ్మా" అంది. దానికి ఆరేళ్ళు. ఆ మాటతో బతికాను. మన ఆచారంలో తల్లి అక్క కూడా తల్లే కదా, అది అమ్మా అంటే తప్పేముంది అని సర్దుకున్నాను. నువ్వున్నావని దానికి చెప్పాను. కాకపోతే సముద్రం అవతల ఉన్నావని చెప్పాను. పూట నడక అని చెప్పలేదు.

తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. నేను అడ్డం పడను.

కానీ సీటు సంగతి ఒకటి రాయాలి. మొన్న లియో మామయ్య దగ్గర కూర్చున్నాను. వక్కా సున్నం నములుతూ రేవు గొడవంతా విన్నాడు. విని విని నవ్వు మొదలుపెట్టాడు, పొలమారింది, వీపు నిమిరాను. "ఏమే, ఈ లోయ ఎవరిది?" అన్నాడు. మాది మామయ్యా, మా అమ్మది, అమ్మమ్మది అన్నాను. "మరి ఆ ఇద్దరు అల్లుళ్ళూ దేనికోసం తన్నుకుంటున్నారు? ఒకడు పడమటి కొండలనుంచి వచ్చాడు, ఇంకోడు ఉత్తరాన బుకా నుంచి పడవెక్కి వచ్చాడు. పెళ్ళి చేసుకుని మా నేల మీదికి కాపురానికొచ్చినవాళ్ళు. మా నేల గట్టు తగాదా వస్తే వాళ్ళని నోరెత్తనిచ్చామా ఎప్పుడన్నా? గట్టు గురించే మాట్లాడకూడనివాడు లోయ గురించి మాట్లాడతాడా!"

ఎనిమిదేళ్ళు తుపాకులు చూసి చూసి మనమే ఈ సంగతి మరిచిపోయాం. వాళ్ళకి మాత్రం గుర్తుంటుందా! నేనూ నువ్వూ మొగుళ్ళ తరఫున పోట్లాడుకున్నాం చూడు, మనంత బుద్ధిహీనులు ఉండరు.

క్రిస్మస్ ముందటి ఆదివారం మామయ్యని కుర్చీలో కూర్చోబెట్టి రేవుకి పంపిస్తాను. నువ్వు ఆ ఒడ్డు ఆడవాళ్ళని తీసుకురా. మొగవాళ్ళకి చెప్పకు. నేను మాత్రం రాలేను. నీ ముఖం చూడలేను.

అగాతా

*

తవరోకి
9 డిసెంబరు

అక్కా,

పీటర్ సంగతి చదివి వైద్యశాల తలుపు వేసుకున్నాను. ఆ ఏడాది నా దగ్గర ఆ బిళ్ళలు డబ్బాడు ఉన్నాయి. నా బల్ల మీదే.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. ఆదివారం వస్తాను.

టెక్లా

*

తవరోకి
22 డిసెంబరు

అక్కా,

నువ్వు రాలేదు కాబట్టి నేనే చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

పూజ అయ్యాక మేము నలభైమంది ఆడవాళ్ళం రేవుకి బయల్దేరాం. పేరు ఇచ్చే గడువు దగ్గరపడిందిగా, అక్కడ మొగవాళ్ళు అప్పటికే మోహరించి ఉన్నారు, అటు బావ, ఇటు మా ఆయన. ఇద్దరి చేతుల్లోనూ వేలిముద్రల కాగితాలు. పసుపు చొక్కాలవాళ్ళు గొడుగు కింద కూర్చుని చెమటలు కక్కుతున్నారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ళలోకి దిగి మోకాలి లోతులో నిలబడ్డాను. అవతలనుంచి మీ ఊరి ఆడవాళ్ళు దిగారు. మధ్యలో కలిశాం. ఎనిమిదేళ్ళ తర్వాత చూసుకున్న ముఖాలు, ఏడవాలి కదా? మన మేనత్త నన్ను చూసి మొదట అన్నమాట: "ఏమిటే ఇంత లావయ్యావు!"

అప్పుడు మామయ్య కుర్చీని తెచ్చి సరిగ్గా నది మధ్య రాయి మీద పెట్టారు. నీళ్ళు పారుతుంటే ఆయన తాపీగా వక్క నోట్లో వేసుకుని, "పెద్దల్లుడూ, ఇలా రా. మీ అమ్మ నేల ఎక్కడయ్యా?" అన్నాడు.

బావకి అర్థం కాలేదు. "పడమటి కొండల్లో మామయ్యా. మీకు తెలుసుగా."

"నీదో, చిన్నల్లుడూ?"

"బుకాలో" అన్నాడు మా ఆయన.

"అయితే ఇద్దరూ మా ఇంటికొచ్చి ఉంటున్నవాళ్ళే. మంచివాళ్ళే, పనిమంతులే, నాకు లోటు చెయ్యలేదు. మరి మా ఇంటి మాట మీరెందుకు మోస్తున్నారు నాయనా? భుజాలు నొప్పిపుట్టడం లేదూ?"

బావ కాగితాల కట్ట పైకెత్తాడు. "యుద్ధం చేసింది నేను! ఈ నేల కోసం రక్తం కార్చాను!" అని అరిచాడు.

"కార్చావు. అన్నం పెట్టాం, కట్టు కట్టాం. యుద్ధం చేసేటప్పుడు నువ్వెవరి అల్లుడివని నేనడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

మొదట నవ్విందెవరో చెప్పుకో. ఒత్మార్! మాను మీద కూర్చుని ఉన్నవాడు కడుపు పట్టుకుని నవ్వాడు. "సిల్వేరియస్, మనిద్దరం వేరేవాళ్ళ ఇల్లు పంచుకుంటున్నాం రా!" అన్నాడు. ఆ తర్వాత ఒడ్డులు రెండూ నవ్వాయి. బావ చాలాసేపు బిగబట్టుకున్నాడు పాపం. చివరికి చేతిలో కాగితాల కట్ట చూసుకుని, "ఇన్ని వేళ్ళు పాడుచేశానే" అన్నాడు. అంతే, ఆయన కూడా నవ్వేశాడు. పసుపు చొక్కాలవాళ్ళకి ఏం అర్థమైందో తెలియదు, వాళ్ళూ నవ్వారు.

మరి ఎవరు వెళ్తారు? లూకాస్ తమ్ముడు ఉంటే వాడే వెళ్ళేవాడు. యుద్ధం మొదటి ఏడే వాణ్ణి పూడ్చుకున్నాం. మామయ్యకి నడక లేదు. ఇంటివాళ్ళలో మిగిలింది మనిద్దరమే. అందరూ నావైపు చూశారు. నేను నీ పేరు చెప్పాను.

మంచిదాన్నని చెప్పాననుకోకు. విమానంలో పిల్లని ఎక్కనివ్వరు అక్కా. నువ్వు ఊళ్ళో ఉండవు. బావ వండిన దుంప తినడం ఎవరివల్లా కాదు. మరి బియాటాని ఎవరి దగ్గర వదులుతావు? ఆలోచించుకో. చేపల వల ఎలా వేశానో చూశావా!

ఇదొక్కటే అయితే నాకే సిగ్గేసేది. ఇంకోటి ఉంది. అక్కడ కూర్చునేవాళ్ళందరూ ఏదో ఒకటి వదులుకోవాలట. వదులుకోవడం ఎంత నరకమో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఆ గదిలో ఉండాలనిపించింది. తోట మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగినదానివి నువ్వు. నీకు తెలుసు.

జనవరి పన్నెండున విమానం. పదో తేదీ పొద్దున రేవులో నిలబడి ఉంటాను. దాన్ని నా చేతికిచ్చి "వారం రోజులే చెల్లీ" అను. నేను నమ్ముతాను.

టెక్లా

*

చర్చల శిబిరం, న్యూజీలాండు
20 జనవరి 1998

చెల్లీ,

ఇక్కడిది ఎండాకాలం అంటున్నారు. నాకు పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇచ్చిన మూడు ఉన్ని కోట్లూ ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చుంటున్నాను, మన దగ్గరివాళ్ళు నన్ను చూసి దుప్పట్ల మూట అంటున్నారు.

రేవులో దాని చెయ్యి నీ చేతిలో పెట్టి "వారం రోజులే" అనబోయి, మా ఆయన పెళ్ళిలో అన్నట్టు "ఊఁ" అన్నాను. నువ్వు చూడనిది చెబుతాను. అవతలి ఒడ్డెక్కి చెట్టు వెనక దాక్కుని చూశాను. అది నీ పక్కన నడుస్తూ నడుస్తూ నీ బుట్ట లాక్కుని తన తల మీద పెట్టుకుంది. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఎనిమిదేళ్ళుగా గుండె మీద కూర్చున్న రాయి ఎవరో తీసినట్టయింది. అబద్ధం అంత బరువుంటుందని నాకు తెలియదు టెక్లా.

ఇక్కడ పెద్ద గది. ఎదురెదురు బల్లలు. మొదటిరోజు ఒకాయన జాబితా పట్టుకుని, "అమ్మా, మీరు ఏ పక్క?" అన్నాడు. "మా ఇంటి అల్లుళ్ళు చెరో పక్కా ఉన్నారు. నేను ఇంటిమనిషిని, నాకు కుర్చీ మధ్యలో వెయ్యండి" అన్నాను. ఆయన ఇబ్బంది పడి బల్ల చివర వేయించాడు. నా వంతు వచ్చినప్పుడు పెద్ద మాటలేం మాట్లాడలేదు. కోవిరో రేవు గురించి చెప్పాను. పీటర్ గురించి, నీ బల్ల మీది బిళ్ళల గురించి చెప్పాను. ఎవరూ కాగితాలు తిప్పలేదు. ఎల్లుండో అవతలెల్లుండో సంతకాలవుతాయంటున్నారు. తుపాకులు పక్కన పెడతారు, సైన్యం వెనక్కి పోతుంది, దారులు తెరుస్తారు. అయ్యేట్టే ఉందమ్మా. నిజంగా అయ్యేట్టే ఉంది!

అది తింటోందా? రాత్రుళ్ళు నన్ను అడుగుతోందా? అడగకపోయినా అడుగుతోందనే రాయి.

అగాతా

*

తవరోకి
2 ఫిబ్రవరి 1998

అక్కా,

సంతకాలైన సంగతి రేడియోలో విన్నాం. చర్చిగంట కొట్టీ కొట్టీ తాడు తెంపేశారు. నువ్వు ఇంకో వారం అక్కడే ఉంటావని సిస్టర్ చెప్పింది, అందుకే ఈ ఉత్తరం.

మొదటి మూడు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు అది. పెట్టింది తిని, తమ్ముడితో ఆడుకుని, మూల కూర్చునేది. నేను కూడా పలకరించలేదు, భయమేసింది. నాలుగోరోజు వైద్యశాలకి వచ్చి బల్లమీది బిళ్ళల డబ్బా తీసి చూసింది. "ఇవేనా పీటర్ అన్నకి కావలసినవి?" అంది. అవునన్నాను. డబ్బా మూత పెట్టి, "ఇకమీద కొండకి నేను తీసుకెళ్తాను. నాకు దారి తెలుసు" అంది. అప్పుడు ఏడ్చాను అక్కా, ఇద్దరం ఏడ్చాం.

నిన్ను అడుగుతోంది. నీ కోసం రాస్తున్న మాట కాదు, నిజంగానే అడుగుతోంది. ఆ అమ్మ దగ్గర ఎన్నాళ్ళు, ఈ అమ్మ దగ్గర ఎన్నాళ్ళు అని తనే లెక్క తేల్చింది. బడి ఉన్నన్నాళ్ళు ఇక్కడ, దుంపల కాలం అక్కడ. నన్నుగానీ నిన్నుగానీ ఎవరడిగారు! ఇంటిమనిషి కదా, తీర్పు చెప్పేసింది. నాకు సమ్మతమే. నీకూ సమ్మతమేనని నేనే చెప్పేశాను.

అల్లుళ్ళిద్దరూ రేవులోని ఆ రెండు మానులూ పక్కపక్కన వేసి వంతెన కడుతున్నారు. ముందు కొస ఎవరు పట్టుకోవాలని పొద్దున్నించీ పోట్లాట. మామయ్య ఒడ్డున కుర్చీ వేయించుకుని చూస్తున్నాడు. నిన్న మా ఆయన నీళ్ళలో పడ్డాడు. ఈసారి పంది లేదు.

డిసెంబరులో రాయలేనన్న మాట ఒకటుంది, గుర్తుందా? ఇప్పుడు రాయగలను. రేవులో కలిసినప్పుడు నోటితోనే చెబుతాను.

కింద కాస్త చోటు వదులుతున్నాను. తనూ రాస్తానంటోంది.

టెక్లా

అమ్మా, ఇక్కడ కూరల్లో ఉప్పు మరీ ఎక్కువ వేస్తున్నారు. తమ్ముడికి చెట్టెక్కడం రాదు, నేర్పుతున్నాను. తొందరగా వచ్చెయ్. దారి తెరిచే ఉంది. నేను నడిచి చూశాను.

బియాటా